బొగ్గు ఇలా రాజుకుంటుందా!

నేలబొగ్గు మండటం ఇంత అందంగా ఉంటుందని ఇన్నేళ్ళుగా నాకెవరూ ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం మీద గోదావరిఖని వచ్చి ఇల్లు అద్దెకు తీసుకున్నాను. కార్తీకమాసంలో చలి ముదిరిన ఒక సాయంత్రం ఇంటి ఓనరుగారి తల్లి, నేను అవ్వ అని పిలిచే ఆవిడ, తన పాత బొగ్గుపొయ్యిని అటక మీంచి దింపించి ముట్టించింది. అప్పటి నుంచి కనిపించిన ప్రతి మనిషికీ ఇదే కథ చెబుతున్నాను. ఆఫీసులో చెప్పాను, కృష్ణా జిల్లాలో ఉన్న అమ్మకు ఫోన్ చేసి చెప్పాను, ఇప్పుడు మీకు చెబుతున్నాను. కట్టెల మంట చూశాం, కర్పూరం చూశాం, గ్యాసు చూశాం. ఇది మాత్రం వేరు!

గోదావరిఖని ఉన్న రామగుండం అనగానే తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది ఎండ. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఊరు, ప్రతి మే నెలా వాతావరణ వార్తల్లో వినిపించే పేరు. అలాంటి చోట చలి ఇంత గట్టిగా ఉంటుందా! దీపావళి వెళ్ళాక తెల్లవారుజామున గోదావరి మీంచి వచ్చే గాలికి చెవులు జివ్వుమంటాయి. ఫస్టు షిఫ్టుకు పోయేవాళ్ళు తలకు మఫ్లర్లు చుట్టుకుని బండ్లు తీస్తారు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేదాకా చన్నీళ్ళు ఒంటి మీద పోసుకునే ధైర్యం ఎవరికీ ఉండదు. ఒకప్పుడు ఈ నెలలన్నీ ఇక్కడి ఇళ్ళల్లో బొగ్గుపొయ్యి పగలూ రాత్రీ ఆరేది కాదట. సింగరేణి బొగ్గుగనుల కార్మికుల ఇళ్ళకు వంటబొగ్గు వచ్చేది. తర్వాత గ్యాసు వచ్చింది, పొయ్యిలు అటకెక్కాయి. అవ్వ భర్త బొగ్గుబాయిలో తట్టా చెమ్మస్ (పార) పట్టి బొగ్గు నింపిన కార్మికుడు. ఆ కాలపు బొగ్గు కొంత పెరట్లోని రేకుల కొట్టంలో గోనెపట్టాల కింద ఇంకా ఉంది. చలి మొదట్లో ఒక్కసారైనా పొయ్యి ముట్టించకపోతే ఆమెకు చలికాలం వచ్చినట్టుండదు.

ముందు ఆ పొయ్యి గురించి చెప్పనివ్వండి. అది ఒక పాత ఇనుప బకెట్టు. సగం ఎత్తున అడ్డంగా ఇనుప చువ్వలు దూర్చి జాలీ చేశారు. ఆ జాలీ కింద బకెట్టుకు అరచెయ్యి పట్టేంత కిటికీ కోశారు. లోపలి గోడకంతా ఎర్రమట్టి, ఊక, పేడ కలిపి రెండు వేళ్ళ మందాన మెత్తారు. పైన గిన్నె కూర్చోవడానికి మూడు మట్టి గుబ్బలు. బకెట్టు కాడ అలాగే ఉంది కాబట్టి పొయ్యిని ఎత్తి ఎక్కడికైనా మార్చుకోవచ్చు. అంతే పొయ్యి! ఇందులో పనిలేని భాగమంటూ ఒక్కటి లేదు. చువ్వల సందుల్లోంచి బూడిద కిందికి రాలుతుంది. కిటికీలోంచి గాలి పైకి ఎక్కుతుంది. మట్టిపూత వేడిని పట్టి ఉంచుతుంది, ఇనుము కాలిపోకుండా కాస్తుంది. అవ్వ ఆ పూతలో పడ్డ పగుళ్ళకు ముందురోజే తడిమట్టి రాసి ఎండబెట్టింది.

"పగులు ఉంటె గాలి దొంగతొవ్వ పడ్తది బిడ్డా," అంది.

దొంగతోవ పట్టిన గాలి బొగ్గులోంచి పోదు, గోడ పక్కనుంచి జారిపోతుంది. బొగ్గు నల్లగా మిగిలిపోతుంది. బాయిలర్లు నడిపే ఇంజనీర్లు తల పట్టుకునే సమస్యను ఆమె గుప్పెడు మట్టితో తీర్చేసింది.

ఇక బొగ్గు పెళ్ళ. అవ్వ ఒకటి నా చేతికిచ్చింది. రాయి అనుకుని పట్టుకుంటే చెయ్యి పైకి లేచిపోయింది, అంత తేలిక! ఏళ్ళ తరబడి గాలి తగిలిన పైపొర మసకబారి వేలితో నొక్కితే పొడిగా రాలుతోంది. సుత్తితో ఒక్క దెబ్బ వేశాను. రెండు చెక్కలైంది. లోపల చూడాలి ఆ మెరుపు! నున్నగా తళతళలాడే ఒక నల్లటి చార, దాన్ని ఆనుకుని మెరుపే లేని మసక చార, మళ్ళీ మెరుపు చార. పొర మీద పొర. గోదావరి లోయ బొగ్గు ఇలా చారలు చారలుగానే ఉంటుంది. మెరిసే చారలు ఒకప్పటి కట్టె, బెరడు. మసక చారల్లో కంటికి కనిపించనంత చిన్న సిద్ధబీజాలు, చితికిపోయిన మొక్కల తుక్కు, సన్నటి మట్టి కలిసి ఉంటాయి. నేను ఈ ముచ్చట్లో ఉండగానే అవ్వ నా చేతిలోని చెక్కను తిప్పి చూసింది.

"మెరిసే దిక్కు కిందికి పెట్టు. అది జల్ది పట్టుకుంటది."

ఇదెంత నిజమంటే, ప్రయోగశాలల్లో కొలిచి చెప్పేది కూడా ఇదే. మెరిసే భాగం వేడి తగలగానే ఎక్కువ వాయువును వదులుతుంది, కాబట్టి ముందుగా అంటుకుంటుంది. మసక భాగంలో మట్టి ఎక్కువ కాబట్టి బద్ధకంగా మండుతుంది. ఆ తేడాను అవ్వ కంటిచూపుతో పట్టేస్తుంది.

ఆ చారలు ఎక్కడివో తెలిస్తే ఆనందం ఇంకా పెరుగుతుంది. ఈ బొగ్గు పెర్మియన్ యుగానిది. అంటే 25 కోట్ల ఏళ్ళకు పైబడిన అడవి. అప్పుడు మన నేల ఇక్కడ లేదు. ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కలిసి గోండ్వానా మహాఖండంలో భాగంగా దక్షిణ ధ్రువం వైపు ఉండేది. గోదావరి లోయలో బొగ్గు పొరలకు అడుగున ఉండే తాల్చిర్ రాళ్ళలో హిమానీనదాలు ఈడ్చుకొచ్చి పడేసిన బండలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మంచు కరిగాక మిగిలిన చల్లటి చిత్తడినేలల్లో నాలుక ఆకారపు ఆకులున్న గ్లోసోప్టెరిస్ చెట్లు పెరిగాయి. శీతాకాలం రాగానే ఆకులు రాల్చాయి. ఒరిగి బురదలో కూరుకుపోయాయి. వాటి మీద ఇసుక, మట్టి మేటలు వేసి నొక్కితే బొగ్గు అయ్యాయి. ఎండలకు పేరుమోసిన రామగుండం కింద ఉన్నది చలిదేశపు అడవి! ఆ చెట్లు పట్టి దాచిన ఎండతో మనం ఈ ఊరి చలిలో చేతులు కాచుకుంటున్నాం.

ఈ బొగ్గు చరిత్ర తెలుసుకోవాలంటే పుస్తకాలు ఉన్నాయి. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1960ల తొలినాళ్ళలో గోదావరిఖనిలో బావులు తెరుచుకున్నాయి. ఇవన్నీ చదివితే తెలిసేవి. కానీ ఆ పెళ్ళ పగిలినప్పుడు బయటపడ్డ మెరుపును చూసిన మొట్టమొదటి కళ్ళు నావీ అవ్వవీ. 25 కోట్ల ఏళ్ళలో దాన్ని అంతకుముందు ఎవరూ చూడలేదు. ఏ పెళ్ళ పగలగొట్టినా అంతే! ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక ముట్టించడం. అవ్వ జాలీ మీద ముందుగా పిడక ముక్కలు వేసింది. వాటి మీద వేలెడు మందం కట్టెపుల్లలు, గింజ ఒలిచిన మక్క బెండ్లు నిలువుగా పేర్చింది. వాటి నడుమ గాలి ఆడేలా సందులు వదిలింది. వాటిపైన చిన్న బొగ్గుముక్కలు ఒక్క వరస. కొంచెం కిరసనాయిలు పోద్దామా అని అడిగాను.

"వద్దు బిడ్డా, ఆ కంపు రొట్టెకు పడ్తది."

కింది కిటికీలోంచి ఒక కాగితం ముక్క వెలిగించి దూర్చింది. పిడక అంటుకుంది, పుల్లలు అంటుకున్నాయి. బొగ్గు మాత్రం ఏమీ ఎరగనట్టు కూర్చుంది. ఇక్కడే కట్టెకూ బొగ్గుకూ తేడా. కట్టె మంట చూడగానే ఒప్పుకుంటుంది, బొగ్గుకు టైము కావాలి. ముందు దానిలోని తడి పోవాలి. ముక్కల మీద సన్నగా చెమట పట్టి ఆరిపోయింది. తర్వాత పేలాలు వేగినట్టు చిటపటలు. ఆ తర్వాత పొగ మొదలైంది. పసుపు కలిసిన చిక్కటి పొగ, తారు వాసన. నేను వంగి ఊదబోయాను. అవ్వ భుజం పట్టి ఆపింది.

"ఊదుడు అక్కెర లేదు. కింద తొవ్వ ఉన్నది. అదే గుంజుకుంటది."

ఆమె చెప్పింది చూద్దామని ఒక అగరొత్తి వెలిగించి కిటికీ ముందు పట్టుకున్నాను. పైకి పోవలసిన అగరొత్తి పొగ అడ్డంగా వంగి కిటికీలోకి వెళ్ళిపోయింది! పొయ్యి నిజంగా గాలి పీల్చుకుంటోంది. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంటే ఆ ఖాళీలోకి కింది చల్లగాలి చొరబడుతోంది. మంట పెరిగేకొద్దీ పీల్చడం పెరుగుతుంది, పీల్చేకొద్దీ మంట పెరుగుతుంది. ఫ్యాను లేదు, గొట్టం లేదు. బకెట్టుకు కోసిన ఆ అరచేతి కిటికీయే పనంతా చేస్తోంది.

ఇంతలో ఆ పొగే అంటుకుంది! అంతవరకూ కళ్ళు మండించిన పసుపు పొగ భగ్గుమని పసుపు మంటైంది. బొగ్గుకు మూడు నాలుగు వందల డిగ్రీల వేడి తగిలితే లోపలి నుంచి వాయువు, తారు ఆవిరి బయటికి వస్తాయి. మనం పొగ అంటున్నది అదే. మండకపోతే పొగ, మండితే వెలుగు. ఒక ముక్క పగుల్లోంచి సన్నటి వాయుధార సుయ్‌మని చిమ్ముతూ, దాని కొసన గోరంత మంట నిలబడింది. ఆ ధార ఆగింది, పక్క ముక్కలో ఇంకోటి మొదలైంది. 1792లో ఇంగ్లండులోని రెడ్‌రూత్‌లో విలియం మర్డాక్ తన ఇంట్లో దీపాలు వెలిగించింది ఇదే వాయువుతో. తర్వాత లండన్ వీధులన్నీ దానితో వెలిగాయి. ఆ మొత్తం కథ ఈ బకెట్టులో, నా మోకాళ్ళ దగ్గర, సుయ్‌మంటూ కనిపిస్తోంది.

అవ్వ అప్పుడు మాత్రమే పెద్ద ముక్కలు వేసింది, అదీ చేత్తో ఒక్కొక్కటిగా. గుమ్మరిస్తే గాలి సందులు మూసుకుపోతాయి. మళ్ళీ పొగ, మళ్ళీ మంట. చివరికి పొగ పూర్తిగా ఆగిపోయింది. ఇదంతా ముప్పావుగంట పట్టి ఉంటుంది. పసుపు మంటలు అణిగి బొగ్గు మొత్తం లోపలి నుంచి ఎర్రబడింది. మెరుపు చార, మసక చార తేడా పోయి అంతా ఒకటే ఎరుపు. చలి అనే మాట మర్చిపోయాం. ముఖానికీ అరచేతులకీ వేడి తిన్నగా వచ్చి తగులుతోంది, గాలి ఎటు వీచినా ఆ వేడి మాత్రం కదలడం లేదు.

అప్పుడు వచ్చింది నీలం!

ఎర్రటి నిప్పుల మీద బెత్తెడు ఎత్తున నీలం మంటలు లేచాయి. చప్పుడు లేదు, పొగ లేదు. ఒకచోట ఆరి ఇంకోచోట మొలుస్తున్నాయి. ఇంత శుభ్రమైన నీలం నేను ఏ మంటలోనూ చూడలేదు. కింది గాలిలోని ఆక్సిజన్ అడుగు నిప్పుల్లో కర్బనంతో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అది పైకి పోతూ ఎర్రటి బొగ్గును ఒరుసుకుంటే కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. పైన మళ్ళీ గాలి తగలగానే అదే నీలంగా మండుతుంది. ఇనుము కరిగించే కొలుముల్లో జరిగే రసాయనశాస్త్రం ఇదే.

అవ్వకు ఈ పేర్లతో పనిలేదు. ఆ నీలంతో ఎంత జాగ్రత్తగా ఉండాలో మాత్రం నాకంటే బాగా తెలుసు.

"తలుపులు బెట్టుకొని పండే ఇంట్ల పొయ్యి ఉంచొద్దు. తెల్లారి లేవరు."

అక్షరాలా నిజం. ఆ వాయువు మండకుండా గదిలో చేరితే రంగు ఉండదు, వాసన ఉండదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది, అంత త్వరగా వదలదు. పొగ ఆగిపోయిన ఎర్రటి నిప్పు చూసి ఇక భయం లేదని ఇంట్లోకి తెచ్చుకునేవాళ్ళకే ప్రమాదం ఎక్కువ. అందుకే అవ్వ పొయ్యి ఎప్పుడూ పెరట్లోనే, ఆకాశం కింద. మీలో ఎవరైనా రాజేస్తే మీరూ అక్కడే రాజేయండి.

ఆ నీలం చూస్తూ అవ్వ తన భర్త చెప్పిన మాట ఒకటి చెప్పింది. పాతరోజుల్లో బాయిలోకి సేఫ్టీ ల్యాంపు తీసుకుపోయేవారు. 1815లో హంఫ్రీ డేవీ తయారుచేసిన దీపం నుంచి వచ్చిన వంశమది. వత్తి తగ్గించి పట్టుకుంటే, గాలిలో మీథేన్ ఉన్నచోట మంట కొసన నీలం టోపీ కనిపిస్తుంది. టోపీ ఎత్తును బట్టి గ్యాసు ఎంతుందో చెప్పేవారు. వాయువులు వేరు, మంట చెప్పే కబురు ఒకటే. ఆ పెద్దాయన అనేవాడట: "బాయిల నీలం కనవడితె ఎనుకకు రావాలె, ఇంట్ల నీలం కనవడితె గిన్నె పెట్టాలె."

గిన్నె పెట్టింది అవ్వ. సర్వపిండి! బియ్యప్పిండిలో నువ్వులు, నానేసిన శనగపప్పు, పల్లీలు, కరివేపాకు, ఉల్లాకు, కారం వేసి కలిపి, నూనె రాసిన మందపాటి సర్వ లోపలి గోడల వెంట చేత్తో అద్దింది. వేలితో అక్కడక్కడా చిల్లులు పొడిచి ఒక్కో చిల్లులో చుక్క నూనె వేసింది. గ్యాసు మీద దీన్ని కాల్చేటప్పుడు గిన్నెను నిమిషానికోసారి తిప్పాలి, లేదంటే అడుగు మాడి అంచులు పచ్చిగా ఉంటాయి. బొగ్గు నిప్పు మీద తిప్పే పనే లేదు. వేడి వచ్చేది నిప్పుల పరుపంతటి నుంచి కాబట్టి అడుగంతా ఒకటే తీరుగా పరుచుకుంటుంది, మట్టిగోడ పక్కల నుంచి తోడవుతుంది. మూత తీసేసరికి పిండి అంచు నుంచి అంచు వరకూ ఒకే ఎరుపు. కరకరలాడే ఆ ముక్కను చలిలో, పొయ్యి పక్కన పీట వేసుకుని తిన్నాను. ఇంత రుచి ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో!

తర్వాత స్నానాల కాగు ఎక్కింది. ఇంత మొండిగా, ఇంత నిలకడగా నీళ్ళు కాచే నిప్పును నేను చూడలేదు. ఇప్పుడు బొగ్గును జి-1 నుంచి జి-17 వరకు గ్రేడులుగా అమ్ముతారు. జి-11 అంటే కిలోకు 4000 నుంచి 4300 కిలోకేలరీలు. లెక్క వేస్తే ఒక్క కిలో బొగ్గులో 100 లీటర్ల నీళ్ళను 40 డిగ్రీల మేర వేడిచేసేంత శక్తి ఉంది. బకెట్టు పొయ్యిలో చాలావరకు గాలికే పోతుంది. పోనివ్వండి, ఆ గాలికి పోయే వేడి చుట్టూనే కదా ఇంటిల్లిపాదీ చేరి కూర్చున్నది!

రాత్రి పడుకోబోయే ముందు అవ్వ చేసిన పని చూడండి. బొగ్గు పొడిని నీళ్ళతో తడిపి నిప్పుల మీద ఒక పొర కప్పింది. కిటికీకి ఇటుకముక్క అడ్డం పెట్టింది. గాలి తగ్గితే నిప్పు నిద్రపోతుంది, చావదు. తెల్లవారుజామున ఇటుక తీసి, ఇనుప చువ్వతో జాలీ కింద ఒక్కసారి కదిపింది. బూడిద జలజలా రాలింది. పై పొర పగిలింది. లోపల ఎరుపు! రాత్రి ముట్టించిన నిప్పే. అగ్గిపెట్టె అక్కర్లేకుండానే చాయ్ తయారైంది. రాలిన బూడిదను ఏరి చూశాను. కొన్ని ముక్కలు మండిపోయి కూడా ఆకారం పోగొట్టుకోలేదు, పొరల గీతలతో సహా తెల్లగా నిలబడ్డాయి. పట్టుకోగానే పొడి అయ్యాయి. ఆ పొడితోనే అవ్వ గిన్నెలు తోముకుంది.

ఇప్పుడు పెరట్లోంచి తల ఎత్తి చూస్తే ఎన్‌టీపీసీ చిమ్నీలు. 2600 మెగావాట్ల విద్యుత్ కేంద్రం. అక్కడా ఇదే బొగ్గు. పిండికన్నా మెత్తగా పొడి చేసి, వేడిగాలితో కలిపి బాయిలర్లోకి ఊదుతారు. అవ్వ పొయ్యిలో గంటన్నర సాగిన ప్రయాణం, తడి ఆరడం, వాయువు వదలడం, ఎర్రబడటం, బూడిదవడం, అక్కడ ఒక్కో రేణువుకు రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. ఒక యూనిట్ కరెంటుకు అరకిలో నుంచి ముప్పావు కిలో దాకా బొగ్గు పడుతుంది. 2 కిలోవాట్ల గీజరు గంటసేపు నడిచిందంటే ఎక్కడో కిలోకు పైగా బొగ్గు మండిందన్నమాట. చలికాలం పొద్దున్నే హైదరాబాదులో, విజయవాడలో, బెంగళూరులో గీజరు స్విచ్చి వేసేవాళ్ళందరూ బొగ్గుపొయ్యి ముట్టిస్తున్నవాళ్ళే. మంట మాత్రం చూడరు. నేను చూశాను! ఆ తర్వాత స్విచ్చి మీద చెయ్యి వేసినప్పుడల్లా అరచేతి మీద ఆ ఎర్రటి వేడి గుర్తొస్తోంది. నీళ్ళు కాగగానే ఆపేస్తున్నాను. ఏ పొదుపు ప్రచారమూ నాకు నేర్పలేనిది ఇది.

పొగ సంగతి దాచి ఈ పొయ్యిని పొగిడితే తప్పవుతుంది. కాలనీలో ఇంటింటా పొయ్యి రాజేసిన రోజుల్లో పొద్దున్నే ఎదురిల్లు కనిపించేది కాదని, ఆరేసిన బట్టల మీద మసి పడేదని, ఆడవాళ్ళకు దగ్గు వదిలేది కాదని అవ్వే చెప్పింది. 1952 డిసెంబరులో లండన్ ఇళ్ళల్లో, కర్మాగారాల్లో మండిన బొగ్గు పొగ నగరం మీద దిగబడిపోయి, అప్పటి అంచనా ప్రకారమే దాదాపు 4000 మంది చనిపోయారు. 1956లో వాళ్ళు గాలి శుభ్రత చట్టం తెచ్చుకున్నారు. పోలండ్‌లోని క్రాకోవ్ నగరం 2019 సెప్టెంబరు నుంచి ఇళ్ళల్లో బొగ్గూ కట్టెలూ మండించడాన్నే నిషేధించింది. గ్యాసు వచ్చి గోదావరిఖని వంటిళ్ళను పొగ నుంచి విడిపించడం గొప్ప మేలు. ఆ మేలు వెనక్కి పోవాలని అవ్వా కోరదు, నేనూ కోరను.

అయితే ఒక కబురు నన్ను ఊపేసింది. దక్షిణాఫ్రికా బొగ్గు ప్రాంతాల్లోని పేదల బస్తీల్లోనూ చలికాలం ఇలాంటి ఇనుప డబ్బా పొయ్యిలే. అక్కడ పొగ తగ్గించడానికి ప్రభుత్వం ప్రచారం చేసిన ఉపాయానికి పేరే అమ్మమ్మలా రాజెయ్యమని. బొగ్గు అడుగున, కాగితం, పుల్లలు పైన, వాటి మీద గుప్పెడు చిన్న బొగ్గు. మంట పై నుంచి కిందికి దిగుతుంది. కింది బొగ్గు వదిలిన పొగ పైనున్న మంటలోంచే పోవాలి కాబట్టి దారిలోనే మండిపోతుంది. ఈ సంగతి అవ్వకు చెప్పాను. ఆమె నమ్మలేదు.

"కింద నిప్పు బెట్టకుంటె మీద బొగ్గెట్ల అంటుకుంటది?"

అయినా పొయ్యి ఖాళీ చేసి ఇచ్చింది. పెద్ద ముక్కలు జాలీ మీద పేర్చి, పైన పుల్లలు, బెండ్లు పెట్టి ముట్టించాను. పొగ వచ్చింది, కానీ సన్నగా, బూడిదరంగులో. కళ్ళు మండలేదు. పసుపు తారు పొగ దాదాపు లేనే లేదు! అవ్వ పొయ్యి చుట్టూ ఒకసారి తిరిగింది, కిటికీలోకి వంగి చూసింది, కింది వరస మెల్లగా ఎర్రబడటం గమనించింది.

"గిది మాకు అప్పుడే ఎరుకైతె ఎంత బాగుండు," అంది. ఆ వెంటనే, "గని ముక్కలు ఇంకింత చిన్నగ కొట్టాలె, సందులు ఎక్కువ ఇడువాలె," అని దిద్దింది. దిద్దినట్టు చేస్తే ఇంకా బాగా రాజుకుంది. ఖండాలు దాటి వచ్చిన ఉపాయాన్ని గోదావరిఖని అవ్వ చిటికెలో తనదిగా చేసుకుంది.

అప్పుడు నాకు తట్టిన మాట ఇది. సింగరేణి అనగానే మనకు బాయిలోకి దిగే మగవాళ్ళే కళ్ళముందుంటారు. తల మీద ల్యాంపు, చేతిలో చెమ్మస్, షిఫ్టు సైరన్. వాళ్ళ మీద కథలు వచ్చాయి, పాటలు వచ్చాయి, రావలసినవే. 1952 గనుల చట్టం ఆడవాళ్ళను భూగర్భంలోకి పోనివ్వలేదు. 2019లో గాని ఆ నిబంధన సడలలేదు. బాయి గుమ్మం దాటనివ్వని ఆ ఆడవాళ్ళే పెరట్లో బొగ్గును రోజూ చదివారు. ఏ ముక్క ఎప్పుడు అంటుకుంటుందో, గాలి ఎక్కడ దొంగతోవ పడుతుందో, నీలం ఎప్పుడు అన్నం పెడుతుందో, ఎప్పుడు ప్రాణం తీస్తుందో వాళ్ళకు తెలుసు. తవ్వేవాళ్ళు బొగ్గును రాయిగా ఎరుగుదురు. వీళ్ళు దాన్ని నిప్పుగా ఎరుగుదురు. బొగ్గు విద్యలో సగభాగం వీళ్ళది. ఆ సగం ఏ రికార్డులోకీ ఎక్కకుండా అటకల మీద తుప్పు పడుతోంది.

కాలం మారుతోంది, మారాలి. ఇదే రామగుండం ఎన్‌టీపీసీ జలాశయం మీద 2022 నుంచి 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. ఏదో ఒకనాడు బొగ్గు పని అయిపోతుంది. అందుకే తొందరపడమంటున్నాను. గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి, కొత్తగూడెం, ఇల్లెందుల్లో మీకు చుట్టాలుంటే ఈ చలికాలమే వెళ్ళండి. అవ్వను అడిగి పొయ్యి దింపించండి. ఆరుబయట పెట్టి, ఆమె చెప్పినట్టు పేర్చి, ఆమె మాటలు ఫోనులో రికార్డు చేసుకుంటూ ముట్టించండి. పిల్లల్ని తప్పకుండా పక్కన కూర్చోబెట్టుకోండి, బొగ్గుపెళ్ళను వాళ్ళ చేత్తోనే పగలగొట్టించండి. బడిలో ఒక ఏడాది చెప్పే భూగర్భశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం ఒక్క సాయంత్రంలో, సర్వపిండితో సహా, కళ్ళారా చూసి నేర్చుకుంటారు. పొగ తగ్గాలంటే మాత్రం పుల్లలు పైన పెట్టండి, ముక్కలు చిన్నగా కొట్టండి!